కాపాడుకోవాలి, కాపాడుకోవాలి

మన బడిపిల్లల వ్యాసాలన్నీ ఒకే చోటికి వెళ్లి ఆగుతాయి. చెట్ల గురించి రాసినా, చార్మినార్ గురించి రాసినా చివర ‘ముగింపు’ అని రాసి, గీత కొట్టి, కింద ‘కాబట్టి మనమందరం వీటిని కాపాడుకోవాలి’ అంటారు. పిల్లల్ని ఏమీ అనకండి. గైడుల్లో అలాగే ఉంది. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అనే మూడు శీర్షికలూ కనిపిస్తే దిద్దేవాళ్లు మార్కులు వేసి పేజీ తిప్పేస్తారు. ఆ మాటకొస్తే కాలమ్ రాసేవాళ్లం మేం మాత్రం తక్కువ తిన్నామా?

కథకైతే ఈ బాధ లేదు. కథ కంచికి, మనం ఇంటికి అనేస్తే నాలుగేళ్ల పిల్లకైనా అయిపోయిందని తెలుస్తుంది. ఉన్న సంగతి చెప్పే రాతకు అలాంటి కంచి లేదు. తెలిసిందంతా చెప్పేశాక పిల్లవాడికి దిక్కు తోచక, పెద్దవాళ్ల గొంతు అరువు తెచ్చుకుంటాడు.

తార్నాకలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆదివారాలు కొందరు పిల్లలు రాయడానికి కూర్చుంటారు. ఉస్మానియా క్యాంపస్ క్వార్టర్స్ నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ రాయడానికి సరుక్కి కొదవ లేదు. ఆర్ట్స్ కాలేజీ ఉంది, 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఉంది, నెత్తిమీద మెట్రో ఉంది. ఒక వారం వాళ్ల ముగింపులన్నీ కత్తిరించి, చీటీలు కలిపేసి, ఏది ఎవరి వ్యాసానిదో అతికించమన్నాను. ఆర్ట్స్ కాలేజీ కిందికి ‘ఇది మనకు గర్వకారణం, కాపాడుకోవాలి’ వచ్చింది. తీరా చూస్తే అది మెట్రో చీటీ. మెట్రోకి చెరువు చీటీ సరిపోయింది, చెరువుకి చింతచెట్టు చీటీ. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనింక వివరించాల్సిన పని పడలేదు.

రాగుల మీద రాసిన నాలుగో తరగతి పాప చీటీ మాత్రం ‘కాబట్టి మనమందరం రాగులు తినాలి’. వ్యాసం బాగుంది. పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లోంచి 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, పాలలో దాదాపు 120 అని అంకెలు కూడా ఎత్తి రాసింది.

“నువ్వు తింటావా?” అన్నాను.

“ఛీ.”

“మరి ఇంట్లో?”

“అమ్మమ్మ జావ కాస్తది టీచర్. జ్వరమొస్తే నాక్కూడా పోస్తది.”

“పాలు?”

“రోజూ రెండు ప్యాకెట్లు.”

ఇప్పుడు నాతో అన్నదే రాయమన్నాను. పెన్సిలు కాసేపు నమిలి రాసింది: ‘పాలకంటే రాగుల్లో మూడింతల కాల్షియం ఉంది. అయినా మా ఇంట్లోకి పాలు రోజూ వస్తాయి, నాకు రాగిజావ జ్వరమొస్తేనే.’ పాలలో చాలావరకు నీళ్లే కదా, ఎండు గింజతో పోలికేమిటని తెలిసినవాళ్లు అడగొచ్చు. ఆ తకరారు ఐదో తరగతిలో చూసుకుందాం. పైన రాసిన అంకెలు ఆ పిల్ల వంటింట్లోకి వచ్చాయి, నాకు అది చాలు.

‘దీనివల్ల నీకేం తెలిసింది?’ అని అడిగితే పిల్లలు మళ్లీ నీతులే చెబుతారు. ‘ఇది ఎవరికి చెప్తావు, వాళ్లు ఏం అడుగుతారు?’ అంటే దారికొస్తారు. ఆర్ట్స్ కాలేజీ అబ్బాయి తాతయ్యకు చెప్తానన్నాడు. ఎన్నేళ్లు కట్టారురా అని అడుగుతాడట. 1934లో పునాదిరాయి, 1939లో ప్రారంభం. వేళ్లు లెక్కపెట్టుకుని రాశాడు: ‘అంత పెద్ద రాతి కాలేజీ ఐదేళ్లలో అయిపోయింది. మా వీధి చివర అపార్ట్‌మెంట్‌కి నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు గుంత తవ్వారు. ఇంకా గుంతే ఉంది.’

మరీ చిన్నవాళ్లను ముగింపు కోసం పీడించకూడదని కూడా నా పట్టుదల. అమెరికాలో చాలా రాష్ట్రాలు 2010 నుంచి చేపట్టిన కామన్ కోర్ ప్రమాణాల్లో ఒకటో తరగతికి, రాత అయిపోయినట్టు కాస్త అనిపిస్తే చాలు. రెండో తరగతికి ముగింపు వాక్యం కావాలి. అది పైన చెప్పిన విషయానికి సంబంధించి ఉండాలన్న మాట నాలుగో తరగతికి గానీ రాదు. అక్కడి ఐదు పేరాల మూస నాకు గిట్టదు గానీ, ఈ నిదానం నచ్చింది. ఆరేళ్లవాడు ‘మెట్రో తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. నేను దిగిపోయాను’ అని ఆపేస్తే దిద్దాల్సిందేమీ లేదు.

రాగుల పాప వాళ్లమ్మ కిందటి వారం వచ్చింది. “బాగానే ఉంది మేడమ్, కానీ బళ్లో ఇలా రాస్తే మార్కులు కట్ చేస్తారు” అంది. ఆమె భయం అబద్ధం కాదు. పరీక్షలో తన వాక్యం ముందు రాసి, కింద ‘మనమందరం తినాలి’ కూడా పెట్టేయమన్నాను. ఆవిడకు తృప్తి కలగలేదు. పాప మాత్రం రెండూ రాస్తోంది, రెండోదాన్ని కాస్త చిన్న అక్షరాలతో.