డాష్‌బోర్డు కింది పనితనం

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ మేస్త్రీలకు ఉన్న పేరు ఎలక్ట్రీషియన్లకు లేదు. ఇంజిన్ విప్పితే చూడటానికి నలుగురు చేరతారు. వైరింగ్ పని డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు నోట కరచుకుని చేసేది. పూర్తయ్యాక కంటికి ఆనదు. అందులోనూ అలంకార దీపాల పనంటే మరీ చులకన. కాళ్ల దగ్గర నీలి వెలుగు, డాష్‌బోర్డు మీద వెంకన్న బొమ్మ చుట్టూ చిన్న దీపాల వరస, లారీ క్యాబిన్‌లో అమ్మవారి పటానికి రంగుల లైట్లు. వీటికేముంది, రెండు తీగలు కలిపితే వెలుగుతాయి అనుకుంటారు. వెలుగుతాయి, నిజమే. కానీ బండి ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఏ ప్రమాదమూ తేకుండా వెలగాలంటే హెడ్‌లైటుకు పెట్టినంత శ్రద్ధా దీనికీ పెట్టాలి. అలా పెట్టే మేస్త్రీలు ఆటోనగర్‌లో ఉన్నారు. పుస్తకాల్లో చదివి కాదు, గురువు పక్కన టెస్ట్ లాంపు పట్టుకుని నిలబడి నేర్చుకున్న విద్య వాళ్లది.

ఒకప్పుడు ఈ అలంకారమంతా చిన్న చిన్న బల్బులతోనే జరిగేది. ఒక్కొక్కటీ 5 వాట్లు తీసుకునేది. పది పెడితే 50 వాట్లు, దాంతోపాటు వేడి. 1990ల్లో జపాన్‌లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ తయారయ్యాక ఈ పని రూపమే మారిపోయింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తెల్ల ఎల్‌ఈడీకి మూలం కూడా ఆ నీలి దీపమే. ఇప్పుడు చుట్టలుగా అమ్మే ఎల్‌ఈడీ స్ట్రిప్పు వెనక జిగురు కాగితం ఊడదీసి అంటిస్తే చాలు. మూడేసి దీపాలు ఒక ముక్క. గుర్తు పెట్టిన రాగి చుక్కల దగ్గర కత్తిరించుకోవచ్చు.

అయితే ఈ స్ట్రిప్పులో ఒక చిక్కుంది. దాని మీద 12 వోల్టులని రాసి ఉంటుంది. కారు బ్యాటరీ 12 వోల్టులే, కానీ ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ 14 వోల్టుల పైమాటే ఇస్తుంది. వరసలోని మూడు దీపాలూ దాదాపు తొమ్మిదిన్నర వోల్టులు తీసుకుంటాయి. మిగిలినదంతా చిన్న రెసిస్టరు మోయాలి. 12 దగ్గర దానికి పడేది రెండున్నర; 14.4 దగ్గర అది ఐదుకు చేరుకుంటుంది. అంటే దీపాల్లో పారే కరెంటు రెట్టింపుకు దగ్గరవుతుంది. ఇంట్లో నెలల తరబడి వెలిగే స్ట్రిప్పు కారులో కొన్ని వారాలకే మచ్చలు మచ్చలుగా ఆరిపోవడానికి కారణం ఇదే. తెలిసిన మేస్త్రీ బండి స్టార్ట్ చేయించి, మీటరు పెట్టి వోల్టేజి చూశాకే ఏ స్ట్రిప్పు కొనాలో చెబుతాడు. ఆ మాట వింటే డబ్బు మిగులుతుంది.

లారీలో కథ వేరు. అక్కడ రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. 12 వోల్టుల దీపాలు పెట్టమంటే కొందరు రెండు బ్యాటరీల మధ్య నుంచి తీగ లాగేస్తారు. అప్పటికి పని అయిపోతుంది. కానీ ఒక బ్యాటరీయే అదనపు భారం మోసి ఎప్పుడూ సగం ఆకలితో ఉంటుంది. రెండోది అవసరానికి మించి చార్జవుతుంది. చివరికి రెండూ పాడవుతాయి. దీనికి కన్వర్టరు పెట్టడమే సరైన దారి. లేదా ఒకే పొడవున్న రెండు స్ట్రిప్పులను వరసగా కలిపినా సరిపోతుంది.

మంచి ఎలక్ట్రీషియన్ మొదట తీగ పట్టుకోడు, లెక్క వేస్తాడు. మీటరుకు 4.8 వాట్ల స్ట్రిప్పు రెండు మీటర్లు వేస్తే 9.6 వాట్లు, 12తో భాగిస్తే 0.8 ఆంపియర్లు. అదే మీటరుకు 14.4 వాట్లది ఐదు మీటర్లు వేస్తే 72 వాట్లు, 6 ఆంపియర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లనుకుంటే, మొదటిది రాత్రంతా మరచిపోయినా తెల్లారి సెల్ఫ్ తిరుగుతుంది. రెండోది ఆరు గంటల్లో బ్యాటరీని ఊడ్చేస్తుంది.

సప్లై ఎక్కడినుంచి తీయాలన్నది ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. తాళంతో పనిలేని డైరెక్టు లైను నుంచి తీస్తే బండి ఆపినా దీపం వెలుగుతుంది, మరపు ఖరీదవుతుంది. పార్కింగ్ లైటుకు కలిపితే రాత్రే వెలుగుతుంది కానీ అసలు దీపాల లైనులో వేలు పెట్టినట్టవుతుంది. తాళం ఒక మెట్టు తిప్పితే వచ్చే యాక్సెసరీ లైను, దాని మీద విడిగా ఒక స్విచ్. నాకు ఇదే సరైనదనిపిస్తుంది. తాళం తీశామా, దీపం ఆరిందే.

ఫ్యూజు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఫ్యూజు దీపాన్ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది తీగను. బ్యాటరీ పాజిటివ్ నుంచి బయల్దేరిన తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. తొడుగు కరుగుతుంది, పక్క తీగలు అంటుకుంటాయి. అందుకే ఫ్యూజు స్విచ్ దగ్గరో, దీపం దగ్గరో పెడితే లాభం లేదు. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. దానికి ముందున్న తీగకు రక్షణ ఏదీ లేదు గనుక. 6 ఆంపియర్ల దీపానికి 1 చదరపు మిల్లీమీటరు తీగ, 7.5 ఆంపియర్ల గోధుమరంగు ఫ్యూజు చాలు. బ్లేడు ఫ్యూజుల రంగులు ఈ వృత్తిలో అందరికీ కంఠతా వస్తాయి: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. మాటిమాటికీ ఎగిరిపోతోందని గోధుమరంగు తీసి ఆకుపచ్చది పెట్టేవాడినీ, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టేవాడినీ నేను ఎలక్ట్రీషియన్ అనను. ఎగిరిన ఫ్యూజు ఎక్కడో తప్పుందని చెబుతోంది. ఆ నోరు నొక్కేస్తే తరవాత మాట్లాడేది మంటే.

ఇక స్విచ్. సాధారణ స్విచ్‌కు రెండే పిన్నులు. తనలో చిన్న దీపం ఉన్న స్విచ్‌కు మూడు: ఒకటి సప్లై, ఒకటి లోడు, ఒకటి ఎర్త్. ఎర్త్ పిన్ను చాలావాటిలో ఇత్తడి రంగులో ఉంటుంది. లోడు పిన్నుకు పొరపాటున ఎర్త్ ఇచ్చారో, స్విచ్ నొక్కగానే ఫ్యూజు టప్పున పోతుంది. సప్లై, లోడు తారుమారైతే దీపం బాగానే పనిచేస్తుంది గాని స్విచ్‌లోని దీపం ఎప్పటికీ ఆరదు. స్విచ్‌ను సప్లై దారిలోనే పెట్టాలి, ఎర్త్ దారిలో కాదు. పాత కార్లలో తలుపు తీస్తే వెలిగే పైదీపానికి ఎర్త్ దారిలోనే స్విచ్ ఉండేది. అది కంపెనీ ఆలోచించి వేసిన ఏర్పాటు. మనం అలా చేస్తే స్విచ్ ఆపినా స్ట్రిప్పులో సప్లై నిలిచే ఉంటుంది. ఎక్కడ తొడుగు చిరిగి బాడీకి తగిలినా దానంతటదే వెలుగుతుంది, లేదా షార్ట్ అవుతుంది.

దీపాలు ఎక్కువైతే రిలే కావాలి. దాని పిన్నుల అంకెలు చాలా రిలేల్లో ఒకటే. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే సప్లై, 87 నుంచి దీపానికి, 85, 86ల మధ్య కాయిల్. యాక్సెసరీ లైను, స్విచ్ ఆ కాయిల్‌ను మాత్రం నడుపుతాయి. అది తీసుకునేది 0.2 ఆంపియరుకు లోపే. దీపాల భారమంతా కొత్త తీగ మోస్తుంది, కంపెనీ తీగకు శ్రమ ఉండదు. ఐదు పిన్నుల రిలేలో 87ఏ అని ఇంకొకటి ఉంటుంది. స్విచ్ ఆపినప్పుడు సప్లై వచ్చేది దానికి. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు తడబడేది ఇక్కడే. తీగ అక్కడ తగిలిస్తే స్విచ్ వేస్తే ఆరి, తీస్తే వెలుగుతుంది.

అసలు పనితనం అతుకులో ఉంటుంది. తీగ తొడుగును పళ్లతో కొరికి లాగితే రాగి పోగులు నాలుగైనా తెగుతాయి. తెగిన మేరకు ఆ చోట తీగ సన్నబడినట్టే, అక్కడే వేడెక్కుతుంది. చేయి తిరిగినవాడు స్ట్రిప్పరుతో ఒక్క పోగు కూడా తెగకుండా తీస్తాడు. రెండు కొసలను ఎదురెదురుగా పెట్టి, ఒకదాని మీద ఒకటి బిగుతుగా మెలేస్తాడు. టంకం పెట్టకముందే లాగి చూస్తాడు. మెలికలోనే బలం ఉండాలి. ఆ తరవాత తీగను కిందినుంచి వేడిచేసి, సీసాన్ని పైనుంచి తాకిస్తాడు. సీసం తీగ వేడికే కరిగి పోగుల మధ్యకు ఇంకిపోవాలి. పైన ముద్దలా నిలిచిందంటే లోపల పట్టలేదని అర్థం. అతుకుకు ముందే తీగలోకి ఎక్కించి ఉంచిన ష్రింక్ స్లీవును దాని మీదికి జరిపి వేడి చూపిస్తే చర్మంలా పట్టేస్తుంది. ఉత్త నల్ల టేపు చుడితే మన మే నెల ఎండకు దాని జిగురు కరిగి కారుతుంది, టేపు విప్పారుతుంది.

టంకంలోనూ ఒక బలహీనత ఉంది. సీసం పట్టినచోట తీగ బిరుసెక్కుతుంది. బండి అదురుకు ఆ బిరుసు అంచు దగ్గర పోగులు ఒక్కొక్కటిగా విరుగుతాయి. కంపెనీలు టంకానికి బదులు లగ్గు నొక్కి బిగించేది అందుకే. నొక్కే పనిముట్టు మంచిదైతే నేనూ దానివైపే. టంకమే పెట్టాల్సివస్తే అతుకుకు రెండు పక్కలా తీగను కట్టి, ఊగకుండా చేయాలి.

ఎర్త్ సంగతి ఎవరూ అడగరు, ఫిర్యాదుల్లో సగం అక్కడినుంచే వస్తాయి. కారు బాడీయే తిరుగు తీగ. దాని మీద పెయింటు ఉంటుంది, పెయింటు కరెంటును పోనివ్వదు. కనబడిన స్క్రూ కింద తీగ దూర్చేస్తే ఆ రోజుకు వెలుగుతుంది. నాలుగు వానలు పడేసరికి తుప్పు పడుతుంది. ఆ తరవాత బ్రేకు తొక్కితే అలంకార దీపం సన్నగా మినుకుతుంది; కరెంటు తన దారి మూసుకుపోయి పక్క దీపం గుండా తిరుగుదారి వెతుక్కుంటోందన్నమాట. పెయింటు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది, రింగు లగ్గు పెట్టి, పళ్ల వాషరుతో బిగించి, పైన గ్రీజు రాస్తే మళ్లీ ఆ చోటికి వెళ్లే పనుండదు.

బానెట్ కింది నుంచి లోపలికి తీగ తెచ్చేటప్పుడు రేకు కన్నంలో రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. ఉత్త రేకు అంచు కత్తితో సమానం. పెడల్స్‌కూ స్టీరింగు రాడ్‌కూ దూరంగా తీసుకువెళ్లాలి. పసుపు తొడుగున్న తీగలు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి పోకూడదు, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్తంభాల కవరు కింద కొత్త తీగ దూర్చకూడదు. కొత్త కార్లలో దీపాల లైన్లన్నీ కంప్యూటరు చేతిలో ఉంటాయి. పాత బల్బు టెస్ట్ లాంపు అక్కడ గుచ్చితే ఆ కంప్యూటరుకే ముప్పు, మీటరే వాడాలి. కంపెనీ తీగను కోయకుండా, ఫ్యూజు పెట్టెలో ఖాళీగా ఉన్న చోటునుంచో, బ్యాటరీ నుంచి విడి లైనుతోనో పని ముగించడం ఇప్పటి మేస్త్రీలు నేర్చుకున్న కొత్త క్రమశిక్షణ. వద్దనుకున్న రోజున దీపం విప్పేస్తే బండి మొదటిలాగే ఉండాలి.

రంగుల విషయంలో చట్టం ఒకటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం బండి ముందు వైపు ఎరుపు వెలుగు కనబడకూడదు. లోపలి దీపాలకు ఆ నియమం వర్తించదు. అయినా రాత్రి వేళ అద్దం మీద ప్రతిఫలించి డ్రైవరు కళ్లకు అడ్డొచ్చే దీపం ఏ రంగైనా తప్పే. సీటు కింద, కాళ్ల దగ్గర, వెలుగు కిందికి పడేలా పెట్టాలి.

ఇదంతా ఓ పూట పని. హడావుడిగా చేస్తే అరగంటలో అయిపోతుంది, కూలీ కూడా తక్కువే. పూట పట్టే పనికి అరగంట కూలీ ఇస్తామని బేరమాడుతున్నంత కాలం మంచి మేస్త్రీ పక్కన నేర్చుకునే కుర్రాళ్లు మిగలరు. దసరాకో, కొత్త బండి పూజకో మీ కారుకు దీపాలు పెట్టించేటప్పుడు మేస్త్రీకి ఆ పూట వ్యవధి ఇవ్వండి, దానికి తగ్గ డబ్బివ్వండి. బండి తీసుకునే ముందు బానెట్ ఎత్తించి, ఫ్యూజు ఎక్కడ పెట్టాడో, ఎన్ని ఆంపియర్లదో చూపించమనండి. చూపించలేకపోతే ఆ పని మళ్లీ చేయించండి.