గురూజ్జీవనము

శిష్యుఁడు మృతుఁడైన గురువును బ్రతికించుట యను ఘట్టము మన వాఙ్మయమునకుఁ గ్రొత్త కాదు. నన్నయభట్టారకుని యాదిపర్వమునఁ గచుఁడు శుక్రాచార్యుని బ్రతికించెను. 1951వ సంవత్సరమున విడుదలయైన 'పాతాళభైరవి' చలనచిత్రమున సదాజపుఁడు నేపాళమాంత్రికుని బ్రతికించెను. 2007లో వెలువడిన 'రూల్ ఆఫ్ టూ' యను నాంగ్లనవలయందు జానా యను యువతి చావునోటఁ బడిన తన గురువు డార్త్ బేనును బ్రతికించెను. కడపటి రెండుచోట్లను గురువు లోకకంటకుఁడే. ఈ మూఁటిని ప్రక్కప్రక్క నిలిపి చూచినఁగాని సదాజపుని పాత్రకుఁ గల గౌరవము తెలియరాదు. అతఁడు నవ్వించుటకై నిలుపఁబడిన బంటు మాత్రమే యనుట తఱచుగా వినవచ్చుచున్నది. అది విచారించి చెప్పిన మాట కాదు.

ఏలూరు సీమకు నీ కథతోడి సంబంధ మల్పము గాదు. మాంత్రికపాత్రధారియగు ఎస్. వి. రంగారావు 1918లో నూజివీటఁ బుట్టెను. ఆ పట్టణము 2022లో నేర్పడిన ఏలూరు జిల్లాలోఁ జేరినది. మాంత్రికుని మాట నమ్మి రాముని యింటినుండి శక్తిబొమ్మను హరించు రాణిసోదరుఁడుగా నటించిన రేలంగి వెంకటరామయ్య తాడేపల్లిగూడెమునఁ దనపేరఁ జిత్రమందిరమునే కట్టించెను. సదాజపుఁడు పద్మనాభము. కథ పింగళి నాగేంద్రరావుది, దర్శకుఁడు కె. వి. రెడ్డి. మాంత్రికుని నోటి 'డింభక' శబ్దము సంస్కృతమున శిశువాచకము. ఈ చిత్రము పిమ్మటఁ దెలుఁగువారి యింటింటఁ బరిహాసపుఁ బిలుపయ్యెను. నిఘంటుకారు లెందఱు శ్రమించినను నొక శబ్దమున కింత ప్రచారము కల్పింపలేరు.

ఈ కథకుఁ గాశీమజిలీకథలు ప్రేరణ మని ప్రసిద్ధి. మధిర సుబ్బన్నదీక్షితుల యా గ్రంథమున మణిసిద్ధుఁడు కాశికిఁ బోవుచుఁ దోడువచ్చిన గోపకుమారునకు మజిలీ మజిలీకి నొక కథ చెప్పును. గోపుఁడు కథకొఱకు మారాము చేయును. అతఁ డడిగినది మణిసిద్ధుఁడు విసువక విప్పి చెప్పును. అడుగు శిష్యుఁడు, చెప్పు గురువు - ఇదియే యా కథాసముద్రమునకుఁ దీరము. పాతాళభైరవిలోని జంట దీనికి విపర్యయము. ఇందు గురువు చెప్పఁడు, శిష్యుఁ డడుగఁడు.

వైయాకరణులు కారకవిచారమునఁ జెప్పిన దొకటి యిచ్చటఁ దలఁపఁదగును. నియమముతో విద్యను గ్రహించునపుడు, చెప్పువాఁ డపాదానము. విద్య యెవనికొఱకు దానము చేయఁబడునో వాఁడు సంప్రదానము. నేపాళమాంత్రికుఁ డీ రెంటిని జెఱిచెను. సదాజపుని విద్యాదానమునకు సంప్రదానముగాఁ గాక తన పనులకుఁ గరణముగాఁ జేసికొనెను. తోట రాముని సాహసికుఁడని మెచ్చి, సాధకుఁడని నమ్మించి, బలికిఁ బశువుగాఁ గొనిపోయెను. మొసలి రూపమున నుండి శాపము తీఱిన కాంత హెచ్చరింపకున్నచో రాముని గతి యేమి? రాముఁడు మేలుకొని మాంత్రికునే బలి యిచ్చెను. సదాజపుఁడు సంజీవని తెచ్చి యతని బ్రతికించెను.

కచుని కథలో నీ పని యెంతటి పరీక్షయో చూడుఁడు. దానవు లతనిఁ జంపి, కాల్చి, బూడిదను సురలోఁ గలిపి శుక్రునిచేతఁ ద్రావించిరి. శుక్రుఁడు కడుపులోని శిష్యునకు మృతసంజీవని నుపదేశించెను. కచుఁడు గురువు కుక్షి చీల్చుకొని వెలువడెను. గురువు మృతుఁ డయ్యెను. ఆ క్షణమున విద్య కచుని యొక్కనిదే. వచ్చిన కార్యమును నెఱవేఱినది. ఎదుటిపక్షపు గురువును విడిచి స్వర్గమునకు మఱలినచో దేవతలు మెచ్చియే యుందురు. అతఁడు మఱలలేదు; గురువును లేపెను. విద్య చేతికి వచ్చిన పిదప శిష్యుఁడు శిష్యుఁడుగా నిలుచునా యను ప్రశ్నకుఁ గచుఁ డచ్చట నుత్తర మిచ్చినాఁడు.

జానా యుత్తరము వేఱు. ఆ నవల కర్త డ్రూ కార్పిషిన్ కెనడాదేశీయుఁడు. 2006లోఁ దాను వ్రాసిన నవలకు దీని నుత్తరభాగముగాఁ గూర్చెను. నక్షత్రలోకముల నడుమ నోడలు తిరుగు స్టార్ వార్స్ కథాప్రపంచ మది. ఖడ్గములు, యంత్రములు, మంత్రమువంటి యొక మహాశక్తి యందుఁ గలసియుండును. దుష్టవర్గమున మిగిలిన బేను తన సంప్రదాయమున కొక నియమము చేసెను: ఎప్పుడును నిరువురే యుండవలెను, ఒక గురువు, ఒక శిష్యుఁడు, శిష్యుఁడు గురువును మించిననాఁడు చంపి యా స్థానము గైకొనవలెను. చిన్ననాఁడే చేపట్టి పదేండ్లు నేర్పిన జానా యెదుట నతఁడు శత్రువులతోడి పోరునఁ దన శక్తియే తన్ను దహింప మృతప్రాయుఁడై పడును. దేహమంతటఁ గఱచుకొని కవచమైన జంతువులు చచ్చి విషము చిమ్మును. ఆమె వైద్యునొద్దకుఁ గొనిపోయి బ్రతికింపించును. పిమ్మట నా వైద్యునే చంపును. ఏల బ్రతికించెను? నేర్వవలసిన దింకను మిగిలియుండుటచేత. ఈ హేతువు స్పష్టము, క్రూరము. నవలకు బలము నదియే. దోష మేమనఁగా, సూత్రము చేసినవాఁడే వార్తికమును భాష్యమును గూడఁ బలుమాఱు వల్లించును. పాఠకుని యూహకు మిగిలినది కొంచెము.

సదాజపుఁడు హేతువు చెప్పఁడు. సంజీవని యతని చేత నున్నది, గురువు శవమై పడియున్నాఁడు, అడ్డుపెట్టువాఁడు లేఁడు. కచునకుఁ గల ధర్మము గాని, జానాకుఁ గల లెక్క గాని యిచ్చటఁ గానరావు. చిత్ర మీ ఘట్టమును మిక్కిలి త్వరగా దాఁటించెను, అది లోపమే. అయినను నతని పేరు మాటాడుచున్నది. ఎల్లప్పుడును జప మెవనికిఁ గలదో వాఁడు సదాజపుఁడు, బహువ్రీహి. ఆ జపము గురువుపేరి జపమే. అయోగ్యునియందుఁ బడిన భక్తియు భక్తియే యని యొప్పుకొనక తప్పదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు ఫాల్గుణమున మ్రొక్కు తీర్చువారికిఁ దల్లి తమ్మెఱుఁగు నను నమ్మకము కలదు. పాతాళభైరవి యట్టిది గాదు. బొమ్మ యెవని చేత నున్న వానిమాట వినును. దేవత మంచిచెడుగుల నెంచని కథలో మనుష్యునకు మనుష్యునియందుఁ గల విశ్వాస మొక్కటియే తూఁచఁదగినది. సదాజపునియం దది కలదు. మాంత్రికుఁడు దానిని గుర్తింపఁడు.

ఈ గుర్తింపమియే యతనిఁ జంపినది. శక్తి గడ్డమునం దుండెను, రాజకుమారి యిందుమతి మెచ్చుకొఱకై దానిని గొఱిగించుకొనుమని సదాజపుని వేషమున వచ్చిన అంజి బోధించెను, మాంత్రికుఁడు సమ్మతించెను. కామము చెఱిచె నని సాధారణముగాఁ జెప్పుదురు. కామ మంతకుముందును నుండెఁ గదా! శిష్యుని ముఖము చూచి శిష్యుఁ డనుకొనుటచేతఁ జెడె ననుట లెస్స. స్థానియందుఁ జేయవలసిన కార్యము నాదేశమునందును జేయుట శాస్త్రసమ్మతమే. కాని వర్ణరూపము నాశ్రయించిన కార్యములందు స్థానివద్భావము చెల్లదు. మాంత్రికుఁ డా నిషేధమును మఱచి, రూప మొక్కటియే పట్టి, అంజికి సదాజపుని చనవంతయు నిచ్చెను. ఏండ్లతరబడి కాళ్లకడ నున్నవాని పలుకుతీరు, చూపు, వెఱపు నెన్నఁడైన గమనించినవాఁడైనచో మంగలికత్తి గడ్డము సోఁకకమునుపే సందేహించి యుండును.

బేను జానాను బ్రతిదినమును గనిపెట్టియే యుండును. ఆమె తన్నెప్పుడు చంపఁజూచునో యని యెదురుచూచును. 2009లో వెలువడిన మూఁడవ భాగమున గురుశిష్యులు ద్వంద్వయుద్ధమునకు దిగుదురు; అది యతనికి వింత కాదు, తన నియమము తన్నుఁ జేరుటయే. అనుమానముచేతనైనను నతఁడు శిష్యురాలి నెఱిఁగినవాఁడు. నేపాళమాంత్రికునకు నా యనుమానమైనను లేదు. తన్ను మృత్యువునుండి లేపినవాని మోమునకును, ఆ మోము తొడిగికొని వచ్చిన పగవానికిని భేదము గడ్డము రాలిన పిమ్మటఁగాని యతనికిఁ దెలియలేదు.