అచ్చుకు ముందు చదివే ఒక్కరు

"అవ్వ చనిపోయే చోట నాకు అర్థం కాలేదండీ. పోయింది తల్లా, నాయనమ్మా?"

రెండేళ్ల కిందట నా చిత్తుప్రతి పక్కన కనిపించిన కామెంట్ ఇది. మాది రాయలసీమ. మాకు అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో. కథ జరిగేదేమో కరీంనగర్ పక్క పల్లెలో. ఆ వైపు చాలా ఇళ్లలో అవ్వంటే కన్నతల్లే. ఒక్క మాటతో నా కథలో ఒక తరమే తారుమారైపోయింది. ఆ ప్రశ్న అడిగినామెను నేను ఇంతవరకు ముఖాముఖి చూడలేదు. పైసా తీసుకోకుండా పన్నెండు పేజీలు రెండుసార్లు చదివింది. ఆగిన ప్రతిచోటా ఎందుకాగిందో రాసి పంపింది.

ఇలా చదివిపెట్టేవాళ్లను బీటా రీడర్లంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల మాట ఇది. కంపెనీ లోపలివాళ్లు పరీక్షించేది ఆల్ఫా, విడుదలకు ముందు బయటివాళ్లకిచ్చి వాడించి చూసేది బీటా. ఆ మాటను కథలకు తెచ్చి దానికొక మర్యాద ఏర్పరచింది ఎక్కువగా ఇంగ్లీషులో ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్లు. తమకిష్టమైన నవలల్లోని, టీవీ సీరియళ్లలోని పాత్రలతో కొత్త కథలల్లి ఊరికే పంచుకుంటారు వీళ్లు. అమ్ముకునే కథలు కావు కనుక జీతమిచ్చి ఎడిటర్‌ను పెట్టుకునే మాటే లేదు. ఒకరిది ఒకరు చదివిపెట్టాలి, అంతే. వీళ్ల కథలకు నిలయమైన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ వెబ్‌సైట్ 2009లో తలుపులు తెరిచింది, 2019లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు అందుకుంది. అక్కడి కథల మొదట్లో బీటాకు కృతజ్ఞత చెప్పి, మిగిలిన తప్పులన్నీ నావేనని రాసుకోవడం ఆనవాయితీ. ఆ రెండో ముక్క నాకు మరీ ఇష్టం. సాయం చేసిన మనిషి మీద నింద పడకుండా అడ్డం నిలబడే వాక్యం అది.

హ్యారీ పాటర్ కథల కాలంలో ఈ చదువులోంచే ఒక ప్రత్యేక విద్య పుట్టింది, బ్రిట్‌పికింగ్ అని. అమెరికా అమ్మాయి ఒకతె హ్యారీ చదివే బడి హాగ్వార్ట్స్ కథ రాస్తుంది. హ్యారీ స్నేహితుడు రాన్ చేత తల్లిని 'మామ్' అని పిలిపిస్తుంది, చలికి 'స్వెటర్' తొడిగిస్తుంది. ఇంగ్లండ్‌లో పెరిగిన చదువరి దాన్ని చూసి 'మమ్' అనీ 'జంపర్' అనీ సరిచేస్తుంది. ఇవి వ్యాకరణ దోషాలు కావు, స్పెల్ చెకర్‌కు దొరకవు. ఆ నేల మీద పెరిగిన చెవికే దొరుకుతాయి. నా కథలో అవ్వను పట్టుకున్నదీ అలాంటి చెవే. అదే కథలో ముసలమ్మ గురించి నేను 'పోయిండు' అని రాస్తే, "అది మగవాళ్లకండీ, ఆడవాళ్లకు మా దిక్కు కూడా పోయిందే" అని ఆమె రాసింది. తెలంగాణ యాసంటే ప్రతి క్రియకూ 'ండు' తగిలించడమేనన్న నా అజ్ఞానం ఆ ఒక్క పంక్తితో వదిలింది. ఆ కామెంట్‌లో ఎగతాళి ఉండి ఉంటే నేను రెండో కథ ఆమెకు పంపేదాన్ని కాదు.

అడగడంలోనే సగం మర్యాద ఉంది. పీడీఎఫ్ వాట్సాప్‌లో పడేసి "ఎలా ఉందో చెప్పండి" అంటే అవతలివాళ్లకు మిగిలే జవాబు "బాగుందండీ" ఒక్కటే. కథ ఎంత పొడుగు, అందులో హింసో ఆత్మహత్యో ఉందా, ఎప్పటికి కావాలి, ఏం చూడమంటున్నాం? అచ్చుతప్పులా, యాసా, నడకా? ఇవన్నీ ముందే చెప్పాలి. చదివేవాళ్లూ మొదట ఒక అధ్యాయమే తీసుకుని, పొసగుతుందనిపిస్తేనే మిగతాది అడగడం మేలు. మధ్యలో కుదరకపోతే కుదరలేదని ఒక ముక్క రాస్తే చాలు. రాసిన మనిషిని అన్నిటికన్నా బాధపెట్టేది విమర్శ కాదు, కబురు లేకపోవడం. నెల తర్వాత గుర్తు చేయాలా వద్దా అని కొట్టుకులాడిన రాత్రులు నాకు తెలుసు.

ఇక కామెంట్ రాయడం. అసలు విద్యంతా ఇక్కడే ఉంది. "ఈ పేరా తీసేయండి" అనేది తీర్పు. "ఈ పేరా దగ్గర నా మనసు పక్కకు పోయింది, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను" అనేది సాక్ష్యం. తీర్పుతో వాదించవచ్చు, సాక్ష్యంతో వాదించలేం. ఆ క్షణాన ఆ చదువరికి జరిగింది జరిగింది. అమెరికాలో రచన నేర్పిన పీటర్ ఎల్బో 1973లో వచ్చిన తన పుస్తకంలో ఇదే చెప్పాడు. చదువుతుంటే లోపల ఏం ఆడిందో అది సినిమాలా చూపించండి, సలహాలు తర్వాత, అని. మంచి బీటా నవ్వొచ్చిన చోట నవ్వొచ్చిందని రాస్తుంది. హంతకుడెవరో ఏ పేజీలో అనుమానించిందో రాస్తుంది. ఆ అనుమానం తప్పయినా దాచుకోదు. రచయితకు కావలసింది ఆ తప్పు అనుమానమే. మరొకటి, వాక్యాన్ని తనకు నచ్చినట్టు తిరగరాసి ఇవ్వదు. తన వాక్యం ఎంత అందంగా ఉన్నా సరే, అది వేరే మనిషి గొంతు.

తీసుకునేవాళ్ల వైపు కూడా ఒక నిగ్రహం కావాలి. 1956లో రచయిత డేమన్ నైట్ తదితరులు మొదలుపెట్టిన మిల్‌ఫర్డ్ సైన్స్ ఫిక్షన్ కార్యశాలలో, అందరూ తన కథ గురించి మాట్లాడుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు మెదపకూడదని నియమం. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ మౌనం ఎంత కష్టమో, ఆన్‌లైన్‌లో అంతకన్నా కష్టం, వేళ్లు కీబోర్డు మీదే ఉంటాయి కదా. "నా ఉద్దేశం అది కాదండీ" అని మొదలుపెట్టిన జవాబులు నేనూ చాలా రాశాను. ఇప్పుడు మొదటి రోజు కృతజ్ఞత మాత్రం చెబుతాను, ప్రశ్నలుంటే మూడో రోజు అడుగుతాను. సూచనల్లో సగం పక్కన పెట్టినా తప్పు లేదు. ఏవి తీసుకున్నావని బీటా అడగకపోవడమే పద్ధతి.

వీటన్నిటి కిందా పరుచుకుని ఉండేది గుట్టు. చిత్తుప్రతి ఇంకొకరికి పంపకూడదు, ముగింపు ఎవరితోనూ అనకూడదు, స్క్రీన్‌షాట్ తీసి నలుగురిలో నవ్వుకోకూడదు. ఒప్పంద పత్రాలుండవు, చాలాసార్లు అసలు పేర్లే తెలియవు. అయినా ఇన్నేళ్లుగా ఇది నడుస్తోంది.

నేను బీటాగా చదివిన ఒక నవల పదకొండో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. రాస్తున్నామె రెండుసార్లు క్షమించమని రాసింది, తర్వాత ఆ అకౌంటే లేకుండా పోయింది. ఫైలు నా దగ్గరే ఉంది. అందులో ఒక బావి ఉంది, ఆ బావిలో ఏముందో పన్నెండో అధ్యాయంలో తెలియాలి. నేనేం ఊహించానో పదకొండో అధ్యాయం చివర రాసి పెట్టాను. ఆమె దాన్ని చూసిందో లేదో నాకు తెలియదు. ఆ బావి గురించి మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.