గిరహ్ పడే చోటు

ఖవ్వాలీ మెహఫిల్‌లో కొత్త పాట వినిపించడం అరుదు. హైదరాబాద్ పాతబస్తీలోని సూఫీ ఖాన్‌ఖాల్లో, పహాడీ షరీఫ్ వంటి దర్గాల్లో ఉర్సు రాత్రి పాడేవి చాలావరకు అమీర్ ఖుస్రో (1253–1325) పేరుమీద నడిచే రచనలు, తరతరాలుగా నలిగిన ఫార్సీ, ఉర్దూ గజళ్ళు. వినేవాళ్ళకే సగం నోటికొచ్చు. అయినా మళ్ళీ మళ్ళీ వచ్చి కూర్చుంటారు. ఆ పాట నడుమ ఈసారి ఏ గిరహ్ పడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు మరి. ఒక్కోసారి పాడేవాడికి కూడా!

గిరహ్ అంటే ముడి. ప్రధాన గాయకుడు ఒక పాదాన్ని సగంలో వదిలేసి, మరో కవి షేర్ (రెండు పాదాల పద్యం) అందుకుంటాడు. తాళానికి కట్టుబడకుండా, మాటకు దగ్గరగా సాగదీస్తాడు. చూపు గురించిన ఖుస్రో పాదంలోకి కబీర్ దోహా రావచ్చు, హాఫిజ్ ఫార్సీ ద్విపద రావచ్చు. భాష మారినా, ప్రాస కలవకపోయినా ఫరవాలేదు. భావం మాత్రం వదిలిన చోటికే వచ్చి అతుక్కోవాలి. షేర్ రెండో పాదం ముగుస్తుండగానే వెనక వరసవాళ్ళు చప్పట్లతో పల్లవి ఎత్తుకుంటారు, ఢోలక్ విరుచుకుపడుతుంది. ముడి బిగిస్తే ‘వాహ్’ వినిపిస్తుంది. వదులైతే ఎవరూ ఏమీ అనరు. ఖవ్వాల్‌కు అంతకుమించిన శిక్ష లేదు. ఇది మన అవధానంలోని సమస్యాపూరణానికి దగ్గరి చుట్టం. అక్కడ పద్యం అప్పటికప్పుడు అల్లాలి. ఇక్కడ మనసులో ఉన్న వందల షేర్లలోంచి అతికేదాన్ని క్షణాల్లో తీయాలి.

అంచేత ఇందులో సృజనకు పెట్టుబడి ధారణే. ‘బట్టీ పడితే ఊహ చస్తుంది’ అనే నేటి బడి సూత్రం ఇక్కడ చెల్లదు. కంఠస్థం లేనివాడికి ముడి వేయడానికి దారమే ఉండదు. ఖవ్వాల్ ఇళ్ళ పిల్లలు వెనక వరసలో చప్పట్లు కొడుతూ మొదలుపెడతారు. లయ చేతికి పట్టాక పల్లవి అందుకోవడం, ఆ తర్వాత స్వరాలు పాడే సర్గమ్, వేగంగా సాగే తాన్. పెద్దలు ఏ షేర్‌ను ఎక్కడ వాడారో ఏళ్ళ తరబడి చెవినపడుతూనే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఈ విద్యకు పెద్ద ఇల్లు వార్సీలది. తమది ఢిల్లీ ఖవ్వాల్ బచ్చే ఘరానా అనీ, మొగలు దర్బారు చెదిరాక నిజాం కొలువుకు చేరిన తాన్‌రస్ ఖాన్ తమ మూలపురుషుడనీ వాళ్ళు చెప్పుకుంటారు. ఆ ఇంటి అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు వార్సీ బ్రదర్స్‌గా పేరున్న నజీర్, నసీర్ ఆయన మనవలు.

గిరహ్ తర్వాత ఖవ్వాలీలో చెప్పుకోవాల్సింది తక్రార్. ఒకే మాటను పదేపదే అనడం. కర్ణాటక సంగీతంలో నెరవల్ తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు, కానీ ఇక్కడ ఎంతసేపన్నది గాయకుడి చేతిలో లేదు. శ్రోతల్లో ఒకరికి ఏదో పాదం దగ్గర హాల్ వస్తే, తన్మయత్వంతో లేచి నిలబడితే, ఆయన తేరుకునేదాకా ఆ పాదాన్ని వదలకూడదు. మాట మార్చకూడదు, లయ తెగకూడదు. మారేదల్లా స్వరం, ఊనిక. ఇరవైసార్లు అన్న మాట ఇరవై ఒకటోసారి విసుగు పుట్టించకూడదు. ఇంతటి కట్టడిలోంచి పుట్టే తాన్‌లు విశృంఖల స్వేచ్ఛలో పుట్టవని నా నమ్మకం. ఎవరికి ఎప్పుడు హాల్ వస్తుందో తెలియదు కాబట్టి ఖవ్వాల్ కన్ను ఎప్పుడూ జనం మీదే. 1986లో సంగీత పరిశోధకురాలు రెగులా కురేషీ రాసిన పుస్తకం ఖవ్వాలీని ఈ వైపు నుంచే చదివింది: శ్రోత స్పందన పాట నడకను ఎలా మారుస్తుందో వివరంగా చూపింది.

ఆడిటోరియంలో ఇది తారుమారవుతుంది. శ్రోతలు చీకట్లో, గాయకులు వెలుతురులో. గంటన్నరలో అయిదారు పాటలు ముగించాలి, సినిమా ఫర్మాయిష్‌లు తీర్చాలి. అక్కడ పడే గిరహ్ ముందే ముడివేసి తెచ్చినదై ఉండే అవకాశం ఎక్కువ. చెడ్డదని అనను, వినసొంపుగానే ఉంటుంది.

అసలుది వినాలంటే ఉర్సు రాత్రి ఇషా నమాజు అయ్యాక వెళ్ళాలి. ముందు దేవుడి స్తుతి హమ్ద్, ప్రవక్త స్తుతి నాత్, ప్రవక్త మాటను పాడే ఖౌల్, చిట్టచివర ఖుస్రో పేరుమీద నడిచే రంగ్. పెద్దల వరస కనిపించేలా ఓ పక్కగా కూర్చోండి. షేర్ అర్థం కాకపోయినా వాళ్ళ తలలు ఎక్కడ ఊగాయో చూస్తే ముడి పడిన చోటు తెలిసిపోతుంది.