కార్బొరేటరు విప్పే ముందు

పాత బండి స్టార్టవట్లేదని తెచ్చి నిలబెడితే, పని నేర్చుకునే కుర్రాడి చెయ్యి ముందు కార్బొరేటరు మీదికే పోతుంది. చెయ్యి తిరిగిన మెకానిక్ దాన్ని ఆఖర్న ముట్టుకుంటాడు. చోడవరంలో ఈ పని దగ్గరుండి చూసినవాళ్లకి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. నాకు ఆ ఆగడమే గొప్పగా అనిపిస్తుంది. విప్పడం ఎవరైనా విప్పుతారు.

భీమిలి నుంచి నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డు మీది ఊరిది. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చుట్టూ చెరుకు తోటలు, దగ్గర్లోనే గోవాడ సహకార చక్కెర కర్మాగారం. ఇక్కడ పాలక్యాన్లు, గడ్డిమోపులు, ఎరువు బస్తాలు మోసేది మోటారు సైకిలే. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, అదే ఏడాది వచ్చి 1996లో ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100, 1994 నాటి స్ప్లెండర్ లాంటి బళ్లను జనం అంత తేలిగ్గా వదులుకోరు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. కార్బొరేటరున్న బండి అంటే ఇప్పుడు పాత బండి అనే లెక్క.

గుప్పిట్లో పట్టే ఆ వస్తువులో కరెంటు లేదు, సెన్సారు లేదు. ఇంజను గాలి పీలుస్తుంది. ఆ గాలి ఇరుకు గొంతులోంచి పోయేటప్పుడు వేగం పెరిగి, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. కింది గిన్నెలో ఉన్న పెట్రోలు సన్నటి జెట్టులోంచి పైకి లేచి గాలిలో కలుస్తుంది. వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుందని శాస్త్రవేత్త బెర్నూలీ 1738లోనే పుస్తకంలో రాశాడు. ఫ్లోటుతో పెట్రోలు మట్టం నిలబెట్టి జెట్టుతో చిమ్మించే పద్ధతిని ఇంజనీరు మేబాక్ 1893లో తెచ్చాడు. అంత పాత సూత్రంతో తయారైన వస్తువు కాబట్టే, దాని రోగాన్ని చెవితోనూ కంటితోనూ పట్టుకోవచ్చు.

పని మాటలతో మొదలవుతుంది. "చోకేస్తే నడుస్తంది, తీసేస్తే ఆగిపోతంది" అంటాడు రైతు. "పెట్రోలు ఎప్పుడు కొట్టించేవు బాబాయ్? బండి ఎన్నాళ్లు మూల పెట్టేవు?" అని అడుగుతాడు మెకానిక్. చోకు వేసినప్పుడు పెట్రోలు పాలు పెరిగి ఇంజను నడుస్తోందంటే, మామూలుగా ఆ పెట్రోలు అందించాల్సిన స్లో జెట్టు మూసుకుపోయి ఉండాలి. లేదంటే ఎక్కడో అదనంగా గాలి దూరుతూ ఉండాలి. రోగం సగం బయటపడింది, స్పానరు ఇంకా పెట్టెలోనే ఉంది.

తర్వాత ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వస్తాడు. ట్యాంకు మూత తెరిచి చూస్తాడు. మూతలో గాలి దూరే చిన్న కన్నం మట్టితో పూడిపోతే బండి కొంతసేపు నడిచి ఆగిపోతుంది. మూత తీస్తే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తుంది, బండి మళ్లీ స్టార్టవుతుంది. ఆ కన్నం పొడవకుండా కార్బొరేటరు ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. పెట్రోలు కాక్ నుంచి ధార సరిగా వస్తోందా, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో గడ్డ కట్టిందా చూస్తాడు. ప్లగ్గు విప్పుతాడు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ, ఇటుక రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. కార్బొరేటరుకీ ఇంజనుకీ మధ్య రబ్బరు ముక్క బీటలిచ్చిందేమోనని దాని చుట్టూ క్లీనరు స్ప్రే కొట్టి వింటాడు. చప్పుడు మారితే దొంగ గాలి అక్కడే దూరుతోందన్న మాట. కార్బొరేటరు మోసే నిందల్లో చాలావరకు ఇలాంటి వేరేవాళ్ల తప్పులే.

తప్పు నిజంగా దానిదే అయితే ఎక్సలేటరు చెబుతుంది. స్లోలో వణికి ఆగిపోతే స్లో జెట్టు. సగం తిప్పినప్పుడు మిస్సింగ్ ఉంటే స్లైడుకి వేలాడే నీడిలు. పూర్తిగా తిప్పినా బండి లాగకపోతే మెయిన్ జెట్టు. ఆపిన బండి కింద పెట్రోలు కారుతుంటే ఫ్లోటు వాల్వులో నలుసు.

ఇప్పుడు విప్పుతాడు. గిన్నెలోది నేల మీద పారబోయడు, తెల్లటి మూతలోకి వంపుతాడు. అడుగున గుండ్రటి బొట్లు విడిగా దొర్లితే నీళ్లు. పచ్చటి జిగురు కనిపిస్తే నిలవున్న పెట్రోలు ఆవిరై మిగిలిన మడ్డి. స్లో జెట్టు ఊడదీసి వెలుగుకి ఎత్తి పట్టుకుంటాడు. దాని కన్నం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందులోంచి వెలుతురు చుక్క గుండ్రంగా, నిండుగా కనబడాలి. ఒక పక్క చెరిగినట్టుంటే ఇంకా మడ్డి ఉన్నట్టే. తొందరపడే చెయ్యి ఇక్కడ పిన్నీసు దూరుస్తుంది. జెట్టు ఇత్తడిది, పిన్నీసు ఉక్కుది. కన్నం కాస్త పెద్దదైతే మళ్లీ చిన్నది చెయ్యలేం, బండి జీవితాంతం పెట్రోలు తాగుతుంది. అందుకే మంచి మెకానిక్ కరెంటు తీగలోంచి ఒక్క రాగి పోగు లాగి, పెట్రోల్లో నానిన జెట్టులో మెల్లగా ఆడించి, తర్వాత కంప్రెసరు గాలి కొడతాడు. ఆ రాగి పోగు పట్టుకున్న వేళ్లను చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు.

ఇప్పుడు పెట్రోలు కూడా మారింది. చెరుకు మొలాసిస్ నుంచీ ధాన్యం నుంచీ తీసిన ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు 2023 నుంచి బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ తేమను లాగేస్తుంది, పాత రబ్బరు సీళ్లను ఉబ్బిస్తుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకి 14.7 రెట్లు గాలి కావాలి. ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. ఇంజెక్షన్ బండి ఆ తేడాను తనే సర్దుకుంటుంది. పాత జెట్టుకి ఆ తెలివి లేదు, అదే కొలతలో పోస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. అప్పుడు మెకానిక్ నీడిలుకున్న క్లిప్పు ఒక గాడి కిందికి మార్చి, నీడిలు ఆ మేరకు పైకి లేచేలా చేస్తాడు. చెరుకు పండే ఊళ్లో చెరుకు సారానికి తగ్గట్టు బండిని సర్దడం నాకు ముచ్చటగా ఉంటుంది.

చివరిది ట్యూనింగ్. ఇంజను బాగా వేడెక్కాకే ముట్టుకుంటాడు. మిక్స్చర్ స్క్రూని మెల్లగా ఆనేదాకా బిగించి, సుమారు ఒకటిన్నర చుట్టు వదులుతాడు. బలంగా బిగిస్తే దాని మొన అరిగిపోతుంది. అక్కణ్ణుంచి పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పుతూ ఇంజను వేగం అన్నిటికన్నా ఎక్కువగా, నిలకడగా ఉన్న చోటు చెవితో పట్టి, ఆ తర్వాత స్లో స్పీడు తగ్గిస్తాడు. వడ్డాది వైపు ఒక చుట్టు తిప్పి తెచ్చి, మళ్లీ ప్లగ్గు విప్పి రంగు చూస్తాడు. రంగు కుదిరితే తాళం రైతు చేతిలో పెట్టి ఒక మాట చెబుతాడు: "బండి మూల పెట్టాలంటే కాక్ కట్టేసి, ఆగిపోయేదాకా నడిపి ఉంచు బాబాయ్. గిన్నెలో చుక్క మిగలకూడదు."