వేయించినవాడు, వేసినవాడు

"దండోరా వేసేవాణ్ణి ఏమంటారు?" అని గోదావరిఖనిలో నా పదో తరగతి పిల్లల్ని అడిగాను. గని కార్మికుల పిల్లలు వాళ్ళు. కొంతసేపు మౌనం. ఒకమ్మాయి లేచి, "మా అమ్మమ్మోళ్ళ ఊళ్ళె సాటింపు తాత అంటం సార్" అంది. నా ఎం.ఏ. చదువు అంతకన్న మంచి మాట ఇవ్వలేకపోయింది.

చాటింపు, దండోరా, టముకు, డప్పు - పనికీ వాద్యానికీ వాడుకలో మాటలున్నాయి. మనిషికి లేదు. సుంకరి, కావలికారు అన్నవి ఊరి కొలువుకు పేర్లు. చాటే గొంతుకు కావు. మన కథల్లో వాక్యం గమనించండి: "పటేలు ఊళ్ళో దండోరా వేయించాడు." ప్రేరణార్థక క్రియలో వేయించినవాడు కర్తగా నిలిచాడు, వేసినవాడు వాక్యం నుంచే మాయమయ్యాడు. "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా" అన్న పాత ధోరణిలోనూ తెలియజేసేవాడు కనపడడు. ఇది వ్యాకరణ దోషం కాదు. డప్పును వెట్టిగా కొట్టించుకున్న సమాజం భాషలో వదిలిన ముద్ర.

సాహిత్యం ఇందుకు అతీతం కాదు. స్తుతిపాఠంతో రాజును మేలుకొలిపేవాడు వైతాళికుడు. ఆ మాటను కవులకు బిరుదు చేశాం. గురజాడ నవయుగ వైతాళికుడయ్యాడు. 1935లో ముద్దుకృష్ణ కవితా సంకలనానికి 'వైతాళికులు' అని పేరు పెట్టాడు. ఆ గౌరవంతో నాకు తగాదా లేదు. కాని రాజును లేపినవాడి పేరు కవికి కిరీటమైంది. ఊరిని లేపినవాడికి పేరే దక్కలేదు.

ఆ లోటు తీర్చింది పండితులు కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఉద్యమం 'దండోరా'గా జనంలోకి వెళ్ళింది. అక్కడ వేయించేవాడు లేడు. వేసేవాళ్ళే కర్తలు, వార్తా వాళ్ళదే. ఎస్సీ వర్గీకరణ అధికారం రాష్ట్రాలకుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెనక 30 ఏళ్ళ డప్పు మోత ఉంది.

ఇప్పుడు మా ఊళ్ళో చాటింపు మైకు కట్టిన ఆటోది. సింగరేణిలో 1998లో మొదలైన గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చినప్పుడల్లా రికార్డు చేసిన గొంతులు వీధుల్లో తిరుగుతాయి. ఆ గొంతు ఎవరిదని అడిగేవారు లేరు. శ్రమజీవుల గురించి రాస్తున్నామనుకునే మనం కూడా "మైకులో చెప్పించారు" అని రాసి ఊరుకుంటున్నాం.

కొత్త పదం పుట్టించమని నేననను. కథకులు ఒక్క క్రియ మార్చి చూడండి: "దండోరా వేశాడు." ఎవడు వేశాడు, ఏం కూలి ముట్టింది, తాను చాటిన వార్తలో తన పాలెంత అన్న ప్రశ్నలు వెంటనే వస్తాయి. మన కథ అక్కడ మొదలవ్వాలి.