ముగ్గురు మోల్ట్కెలు, మూడు ఉత్తరాల కట్టలు

జర్మన్ చరిత్రలో హెల్ముట్ ఫాన్ మోల్ట్కె అనే పేరు మూడుసార్లు ఎదురవుతుంది. మొదటాయన 1866లో ఆస్ట్రియాను, 1870లో ఫ్రాన్సును ఓడించి బిస్మార్క్ సామ్రాజ్యానికి దారి వేసిన ఫీల్డ్ మార్షల్. రెండో ఆయన ఈయన తమ్ముడి కొడుకు. 1914లో జర్మన్ సేనలు పారిస్ దగ్గరిదాకా వెళ్లి మార్న్ నది దగ్గర వెనుదిరిగినప్పుడు సేనాధిపతి ఆయనే. మూడో ఆయన, హెల్ముట్ జేమ్స్, అదే తమ్ముడి వంశంలో మునిమనవడు, న్యాయవాది. 1945 జనవరి 23న బెర్లిన్‌లోని ప్లోట్సెన్‌జే జైల్లో నాజీలు ఆయన్ని ఉరితీశారు. ఇంటిపేరే కాదు, పెట్టిన పేరు కూడా ముగ్గురికీ ఒకటే. ముగ్గురూ ఉత్తరాలు విపరీతంగా రాశారు, అందులోనూ భార్యలకు.

వీళ్ల గురించి ఒక కథ స్థిరపడిపోయింది. పెద్దాయన మేధావి, నడిమాయన అసమర్థుడు, చివరాయన వంశం పాపం కడిగిన అమరుడు. యుద్ధాల ఫలితాలు చూసి రాసుకున్న కథ ఇది. ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే అంత సాఫీగా సాగదు. తమ చేతిమీదుగా, లేదా తమ కళ్లముందు జరిగిన చావులకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న మూడు కట్టల్లోనూ ఉంది. దాన్ని ఎవరు ఎక్కడిదాకా తీసుకెళ్లారన్నదే నాకు ముఖ్యంగా కనిపించింది.

రచయితగా చూస్తే ముగ్గురిలో పెద్దాయనే గొప్పవాడు. ఆ విషయంలో నాకు సందేహం లేదు. 1800లో మెక్లెన్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి డెన్మార్క్ కొలువులో చేరడంతో చదువు కోపెన్‌హాగెన్ సైనిక పాఠశాలలో సాగింది. 1822లో ప్రష్యా సైన్యానికి మారాడు. పేరుకు కులీన కుటుంబమే గాని చేతిలో పైసా ఉండేది కాదు. జీతం చాలక గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతన చరిత్రను జర్మన్‌లోకి అనువదించడానికి ఒప్పుకున్నాడు. పన్నెండు సంపుటాల్లో తొమ్మిది పూర్తిచేశాక ప్రచురణకర్త చేతులెత్తేశాడు. డబ్బు పెద్దగా రాలేదు గాని ఆ చాకిరీ ఆయన వాక్యాన్ని సానబెట్టింది.

1835 నుంచి 1839 దాకా సుల్తాన్ రెండో మహ్మూద్ సైన్యానికి సలహాదారుగా టర్కీలో ఉండి ఇంటికి రాసిన ఉత్తరాలు 1841లో పుస్తకంగా వచ్చాయి. ఇస్తాంబుల్‌లో ప్లేగు, గాలి ఊదిన తోలుతిత్తుల తెప్పమీద టైగ్రిస్ నదిలో మోసుల్ దాకా ప్రయాణం, కుర్దుల కోటల ముట్టడి ఇప్పటికీ ఆసక్తిగా చదివిస్తాయి. ఏ కొండ ఎటు వాలిందో, ఏ వాగు ఎక్కడ దాటవచ్చో చెప్పే కన్ను అది. పటం గీసేవాడి కన్ను. కుర్దుల ఊళ్లమీద సైన్యం చేసిన దారుణాలూ చూశాడు, దాచకుండా రాశాడు, జాలిపడ్డాడు కూడా. కానీ సలహాదారుగా తాను ఆ సైన్యంలో భాగమేనన్న సంగతి ఆ వాక్యాల్లోకి రాదు. 1839 జూన్‌లో నిజిప్ దగ్గర ఆ సైన్యం సేనాని హాఫిజ్ పాషా ఈయన సలహా పెడచెవిన పెట్టి చిత్తుగా ఓడిపోయాడు. ఆ వర్ణన చదవండి. ఎవరి తప్పు ఎంతో లెక్క కచ్చితంగా ఉంటుంది, లెక్క రాసినవాడు మాత్రం కనిపించడు.

ఏడు భాషల్లో మౌనంగా ఉండగలడని జర్మన్లు ఆయన గురించి మురిపెంగా చెప్పుకునేవారు. నాకు ఆ మౌనం అంత అమాయకంగా అనిపించదు. 1887లో తమ్ముడి కొడుకు అడిగితే, అంటే మన రెండో మోల్ట్కె అడిగితే, ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధ చరిత్ర రాయడానికి కూర్చున్నాడు. వచ్చింది మనుషుల్లేని యుద్ధం. ఈ కోర్ కదిలింది, ఆ డివిజన్ ఆగింది, ఇన్ని వేలమంది నష్టం, అంతే. విజయాలతో ముడిపడిన పెద్దల ప్రతిష్ఠ చెడకుండా చూడటం దేశభక్తితో కూడిన బాధ్యత అని ఆయన అనుకునేవాడని ఆ పుస్తకం పీఠికలోనే ఉంది. దాచుకోలేదు. అంటే ఆ నిగ్రహం కేవలం శైలి కాదు, అదొక విధానం.

ఆయనకు ముందుచూపు లేకపోలేదు. 1880లో న్యాయశాస్త్రవేత్త బ్లుంట్ష్లీకి రాసిన ఉత్తరంలో శాశ్వత శాంతి వట్టి కల అనీ, అదీ అందమైన కల కూడా కాదనీ తేల్చేశాడు. అదే మనిషి 1890 మేలో, చనిపోవడానికి ఏడాది ముందు, పార్లమెంటులో నిలబడి రాజులు ఆడే యుద్ధాల కాలం పోయిందనీ, ఇకపై వచ్చే ప్రజల యుద్ధం ఏడేళ్లో ముప్పై ఏళ్లో సాగవచ్చనీ, ఐరోపాకు నిప్పు పెట్టేవాడికి శాపం తప్పదనీ హెచ్చరించాడు. ఈ మాటల్ని ప్రవక్త వాక్కులా ఉటంకించేవాళ్లు ఒక సంగతి వదిలేస్తుంటారు. ఆ ప్రసంగం సైన్యాన్ని పెంచే బిల్లుకు మద్దతుగా చేసినది. మంట వస్తుందని తెలుసు, కట్టెలు ఇంకా కావాలనే అడిగాడు.

ఆ కట్టెలకు కాపలా తమ్ముడి కొడుకు చేతికొచ్చింది. 1906లో ష్లీఫెన్ తర్వాత జనరల్ స్టాఫ్ అధిపతిగా కైజర్ రెండో విల్హెల్మ్ ఈయన్ని ఎంచుకోవడంలో ఆ పేరుకు పెద్ద పాత్రే ఉంది. ఒక మోల్ట్కె గెలిపించాడు గనక ఇంకో మోల్ట్కె ఉంటే మంచిదన్న లెక్క. ఈయనేమో చెల్లో వాయించేవాడు, బొమ్మలు వేసేవాడు. భార్య ఎలీజా ప్రభావంతో రుడాల్ఫ్ స్టైనర్ ఆధ్యాత్మిక బోధనల వైపు మొగ్గాడు. పెద్దనాన్న స్థానంలో కూర్చోవడానికి తాను సరిపోనన్న అనుమానం ఆయనకే ఉంది.

1914 ఆగస్టు 1 సాయంత్రం దీనికి పరీక్ష వచ్చింది. ఫ్రాన్స్ పక్కన ఉండిపోవచ్చన్న ఆశ లండన్ నుంచి తంతి రూపంలో రాగానే, మొత్తం సైన్యాన్ని రష్యా వైపు తిప్పమన్నాడు కైజర్. లక్షలమందిని మోసే రైళ్ల వేళాపట్టిక అప్పటికప్పుడు తిరగరాయడం కుదరదన్నాడు మోల్ట్కె. నీ పెద్దనాన్న అయితే ఇంకోలా జవాబిచ్చేవాడు అన్నాడట కైజర్. ఆ దెబ్బ తనకు ఎన్నటికీ మానలేదని మోల్ట్కేనే రాసుకున్నాడు. పెద్దాయన సూత్రం శత్రువు ఎదురైన మొదటి క్షణం దాటి ఏ పథకమూ నిలవదని. వారసుడి దగ్గర పథకం తప్ప ఏమీ మిగల్లేదు. ఆ పథకానికి రైళ్లనే ఆధారం చేసిన పద్ధతి మళ్లీ పెద్దాయనదే. అందుకే వీళ్లను మేధావి, అసమర్థుడు అని విడదీయడం నాకు సగం నిజంగానే కనిపిస్తుంది.

ఇక ఉత్తరాలు. భర్త మీద పడిన నిందను తుడవాలని ఎలీజా 1922లో వాటిని అచ్చువేసింది. ఆ ఉద్దేశాన్ని గుర్తుపెట్టుకునే చదవాలి. గద్యంగా చూస్తే పెద్దాయన పక్కన నిలబడవు. ఉద్వేగం ఎక్కువ, వాక్యం వదులు, తన మీద తనకు జాలి. కానీ 1914 సెప్టెంబరులో, లక్సెంబర్గ్‌లోని ప్రధాన శిబిరంలో కూర్చుని భార్యకు రాసినవి చదువుతుంటే పెద్దాయన పుస్తకంలో దొరకనిది ఒకటి దొరుకుతుంది. నెత్తురు ఏరులై పారుతోందనీ, ఏ పాపం ఎరగనివాళ్ల ఇళ్లు కాలిపోయాయనీ, ఈ ఘోరానికంతటికీ తానే జవాబు చెప్పాలేమో అనిపిస్తోందనీ రాస్తాడు. యుద్ధం మధ్యలో ఒక ప్రధాన సేనాని ఇలా రాయడం అరుదు. వెంటనే ఇంకో మాట కలుపుతాడు: అయినా నేను మరోలా చేయగలిగేవాణ్ణి కాను.

ఆ "అయినా" దగ్గరే ఈయన ఆగిపోయాడు. రెండేళ్లకు ముందు, 1912 డిసెంబరులో కైజర్ సమావేశంలో యుద్ధం తప్పదు, ఎంత తొందరగా వస్తే అంత మంచిదన్నది ఇదే మనిషి. 1914 జూలై చివర్లో ఈ యుద్ధం ఐరోపా నాగరికతను దశాబ్దాలపాటు నాశనం చేస్తుందని ప్రధానికి రాసిందీ ఇదే మనిషి. తెలివి తక్కువై చెడ్డవాడు కాదు. బాధను అనుభవించాడు గాని దాన్ని ప్రశ్నగా మార్చలేదు. మార్న్ దగ్గర నిర్ణయాన్ని లెఫ్టినెంట్ కల్నల్ హెంట్ష్‌ను పంపి ఆయన చేతికి వదిలేశాడు. సెప్టెంబరు 14న పదవి పోయింది. 1916 జూన్‌లో, ఒక సంస్మరణ సభలో, పార్లమెంటు భవనంలోనే కుప్పకూలి చనిపోయాడు.

ఆ లక్సెంబర్గ్ ఉత్తరాలకు ఇరవై ఏడేళ్ల తర్వాత, 1941 అక్టోబరులో, హెల్ముట్ జేమ్స్ భార్య ఫ్రేయాకు రాసిన ఒక ఉత్తరంలో అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. అప్పటికి ఆయన సైనిక గూఢచార విభాగంలో అంతర్జాతీయ న్యాయ సలహాదారు. బల్లమీదకొచ్చే కాగితాల్లో సెర్బియాలో తగలబెట్టిన ఊళ్లు, గ్రీసులో కాల్చిచంపిన మగవాళ్లు, ఫ్రాన్సులో బందీల హత్యలు, బెర్లిన్ నుంచి తరలిస్తున్న యూదులు. వరుసగా రాస్తాడు, విశేషణాల్లేకుండా. ఇక్కడ పెద్దాయన కన్ను తెలుస్తుంది. కానీ లెక్క రాసినవాడు ఈసారి కాగితం మీదే ఉన్నాడు. ఇవన్నీ తెలిసీ వెచ్చని గదిలో కూర్చుని టీ తాగుతున్న నేనూ దోషినే కదా, ఆ రోజుల్లో నువ్వేం చేశావని రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పను అని అడుగుతాడు. "అయినా" అన్న మాట రాదు.

రాయడంతో ఆపలేదు కూడా. బందీల్ని చంపే ఆజ్ఞలకు సంతకాల దగ్గర అడ్డుపడ్డాడు, 1943 అక్టోబరులో డెన్మార్క్ వెళ్లి అక్కడి యూదుల్ని పట్టుకోబోతున్న సంగతి ముందే చెప్పాడు. సొంత ఎస్టేటు క్రైసావ్‌లో సోషలిస్టుల్ని, జెసూట్లను, ప్రొటెస్టెంట్లను ఒకచోట చేర్చి నాజీల తర్వాతి జర్మనీకి పథకం గీశాడు. ఆ ఎస్టేటు పెద్దాయన 1866 విజయానికి దేశం ఇచ్చిన బహుమానంతో కొన్నది. ఇక్కడ కూడా నాకు కొంత అభ్యంతరం ఉంది. క్రైసావ్ ప్రణాళికలో కేంద్ర పార్లమెంటుకు ప్రజలు నేరుగా ఓటెయ్యరు. కుటుంబ పెద్దకు పిల్లల లెక్కన అదనపు ఓట్లు ఉంటాయి. పార్టీల మీద, గుంపుల మీద ఉన్న ఆ అపనమ్మకం జమీందారీ ఇంటినుంచి వచ్చిందే. ఆ ఇంటిపేరు ఎప్పుడూ ఒకే పక్షాన నిలవలేదు కూడా. యుద్ధానికి ముందు వార్సాలో హిట్లర్ ప్రభుత్వ రాయబారిగా పనిచేసింది ఆ వంశస్థుడే, హాన్స్ అడాల్ఫ్ ఫాన్ మోల్ట్కె.

1944 జనవరిలోనే అరెస్టయిన జేమ్స్‌కు హిట్లర్‌ను చంపడానికి జరిగిన జూలై 20 బాంబు కుట్రతో ప్రత్యక్ష సంబంధం లేదు. హత్యకు ఆయన వ్యతిరేకి. 1945 జనవరిలో నాజీ జడ్జి ఫ్రైస్లర్ న్యాయస్థానం శిక్ష వేశాక రాసిన ఉత్తరంలో ఒక వింత సంతోషం ఉంది. తనను జమీందారుగానో, కులీనుడిగానో, ప్రష్యావాడిగానో కాదు, చివరికి జర్మన్‌గా కూడా కాదు, క్రైస్తవుడిగా మాత్రమే శిక్షించారని. నూరేళ్లుగా ఆ కుటుంబం మోసిన పేరును ఇంత ఉల్లాసంగా దించేసుకున్నవాళ్లు అంతకుముందు లేరు. ఆ ఉల్లాసం నాకు కాస్త ఎక్కువే అనిపిస్తుంది, ఒప్పుకోవాలి. ఎవరినీ చంపకుండా, ఏమీ చెయ్యకుండా ఆలోచించినందుకే చస్తున్నామన్న గర్వం, ఆ కుట్రలో చేతులతో ప్రయత్నించి చచ్చిన స్టాఫెన్‌బర్గ్ వంటివాళ్లకు కొంచెం అన్యాయం చేస్తుంది.

మూడు కట్టల్లో ఇంకో తేడా ఉంది, విమర్శకులు ఎక్కువగా పట్టించుకోనిది. పెద్దాయన టర్కీ ఉత్తరాల్ని అచ్చుకోసం తానే చెక్కుకున్నాడు. ఆయన 1842లో పెళ్లాడి 1868లో పోగొట్టుకున్న మేరీ గొంతు మనకు దాదాపుగా వినిపించదు. ఎలీజా మనకు తెలిసేది సంపాదకురాలిగానే. జేమ్స్ జైలు ఉత్తరాల్ని మాత్రం జైలు పాస్టర్ పోయెల్హావ్ ప్రాణానికి తెగించి రెండు వైపులకూ చేరవేశాడు. ఫ్రేయా వాటిని క్రైసావ్‌లో తేనెపెట్టెల్లో దాచింది. ఆమె 2010లో చనిపోయాక, మరుసటి ఏడు వచ్చిన సంపుటంలో ఆమె జవాబులు కూడా ఉన్నాయి. ఎవరిని కలవాలి, క్షమాభిక్ష అర్జీలో ఏం రాయాలి, విచారణలో ఏ మాట అనకూడదు అని ఆమె వాదిస్తుంది. ఆయన ఆకాశంలోకి పోతుంటే నేలమీదకు లాగుతుంది. మోల్ట్కె ఇంటి రాతల్లో మోల్ట్కెకు ఎదురు చెప్పే గొంతు అచ్చులో వినబడటం అక్కడే మొదలు.